కరెంటు బిల్లు కడుతూ మన షరతు పెట్టొచ్చా? నా అనుభవం

బిల్లు అంటేనే అన్నీ వాళ్ళ షరతులు. గడువు వాళ్ళది, లేటు ఫీజు వాళ్ళది, కట్టకపోతే ఏ రోజు లైను పీకుతారో ఆ తేదీ కూడా వాళ్ళే ప్రింటు చేసిస్తారు. డబ్బు కట్టేది మనం కాబట్టి మన వైపు నుంచి కూడా ఒక మాట పెట్టి "ఇది ఒప్పుకుంటేనే ఈ డబ్బు తీసుకోండి" అనొచ్చా అని ఎప్పుడైనా అనిపించిందా మీకు? నాకైతే మొన్నటిదాకా అనిపించలేదు, ఆటోపే పెట్టుకుని మర్చిపోయే రకం నేను. మా అమ్మావాళ్ళింటి మీటరు మార్చిన నెల వచ్చిన బిల్లుతో ఇదంతా నేర్చుకోవాల్సి వచ్చింది, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా, కొంచెం పొడుగే, ఓపిక చేసుకోండి.

మాది తెలంగాణలో ఒక టౌను. అమ్మావాళ్ళింట్లో ఒక ఏసీ, ఫ్రిజ్, బోరు మోటారు, నెలకి రెండొందల ముప్పై యూనిట్ల దాకా కాలుతుంది, బిల్లు పదమూడు పద్నాలుగు వందల మధ్యలో వస్తుంది. రెండొందలు దాటుతుంది కాబట్టి ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి మాకు రాదు, ఆ ఏడుపు వేరే. పాత మీటరులో డిస్‌ప్లే మసకబారిందని లైన్‌మన్ వచ్చి కొత్తది బిగించి వెళ్ళాడు. ఆ నెల బిల్లు కొట్టే అబ్బాయి చేతిలో పెట్టిన చీటీ చూసి నాన్నకి నోట మాట రాలేదు, 1231 యూనిట్లు, పదకొండు వేల పైన. నాన్న చేసిన మంచి పని ఏంటంటే పాత మీటరు విప్పే ముందు ఫోన్లో దాని ఫోటో తీసి పెట్టడం, ఆయనకి అలవాటు, గ్యాస్ సిలిండర్ వచ్చినా సీలు ఫోటో తీస్తాడు, మేమందరం నవ్వుతాం కూడా. ఆ ఫోటోలో రీడింగు 8642. అంతకుముందు నెల బిల్లులో ఉన్నది 8497. అంటే పాత మీటరు మీద కాలింది 145, కొత్త మీటరు మీద 86, మొత్తం 231. వాళ్ళ రికార్డులో పాత మీటరు ఆఖరి రీడింగు 9642 అని పడింది. ఎనిమిది కాస్తా తొమ్మిదయింది, అంతే, వెయ్యి యూనిట్లు మా నెత్తిన పడ్డాయి.

ఆ వెయ్యి యూనిట్లు మామూలు రేటుకి పడవని కూడా అప్పుడే లెక్కేసి చూశా. రెండొందలు దాటిన ఇళ్ళకి మొదటి రెండొందల యూనిట్లు 5 రూపాయల 10 పైసలు, తర్వాతి వంద 7.70, ఆ పై వంద 9 రూపాయలు, నాలుగొందల నుంచి ఎనిమిదొందల దాకా 9.50, ఎనిమిదొందలు దాటితే పది. అంటే కాల్చని కరెంటుకి సగటున తొమ్మిదిన్నర చొప్పున కట్టమంటున్నారన్నమాట, మేం నిజంగా కాల్చిన దాంట్లో ఎక్కువ భాగానికేమో ఐదు రూపాయల పది పైసలు. శ్లాబులున్న చోట రీడింగు తప్పు పడితే దెబ్బ డబుల్ తగులుతుంది.

సరే, తప్పని క్లియర్‌గా కనపడుతోంది, ఫిర్యాదు ఇద్దాం, 1912కి ఫోన్ చేశాం, నంబరు ఇచ్చారు, "సెక్షన్ ఆఫీసుకి పంపాం సార్" అన్నారు. కానీ గడువు ఆగదు కదా. ఫిర్యాదు తేలేలోపు గడువు దాటితే లేటు ఫీజు, ఆ తర్వాత లైన్‌మన్ కట్టింగ్ ప్లేయర్ పట్టుకుని వస్తాడు. పోనీ పదకొండు వేలు కట్టేసి తర్వాత తిరిగి అడుగుదామా అంటే, మొత్తం కట్టేస్తే బిల్లు ఒప్పుకున్నట్టే కదా అని నాన్న భయం. ఇక్కడే ఇంట్లో సభ మొదలైంది.

మా బావ ఐడియా: యాప్‌లో పద్నాలుగొందలు కట్టు, రిమార్క్స్‌లో "ఈ నెల బిల్లు పూర్తిగా చెల్లించడమైనది, ఇది తీసుకుంటే ఒప్పుకున్నట్టే" అని రాసెయ్, డబ్బు తీసుకున్నాక వాళ్ళేం మాట్లాడతారు. వినడానికి భలే ఉంది. యాప్ తెరిచి చూస్తే మా సర్వీసు నంబరు కొట్టగానే బిల్లు మొత్తం దానంతట అదే వచ్చి కూర్చుంది, అమౌంటు మార్చే వీలే లేదు, రిమార్క్స్ గడి కూడా లేదు. బిల్లు పేమెంట్ల దారే వేరు, మనిషికి మనిషి పంపే యూపీఐలో రాసే నోటు వేరు, ఇక్కడ అటు వెళ్ళేది సర్వీసు నంబరు, మొత్తం, లావాదేవీ నంబరు, అంతే. ఒకవేళ మనం ఏదైనా రాసే వీలున్నా అవతల చదివేది మెషినే, దాన్ని మనిషెవరూ చూడరు, చూడని షరతుని ఒప్పుకున్నారని ఎట్లా అంటాం?

మా బాబాయ్ బ్యాంకులో చేసి రిటైరయ్యాడు, ఆయనకి చెక్కు అంటే ఇప్పటికీ ప్రాణం. చెక్కు రాసి ఇద్దాం అన్నాడు, కానీ బావ చెప్పినట్టు చెక్కు మీదే షరతు రాస్తే మాత్రం అది చెక్కే కాదన్నాడు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 5, 6 కలిపి చదివితే చెక్కు అనేది షరతులు లేని ఆదేశం అయ్యుండాలి, "ఫలానా పని చేస్తేనే చెల్లించు" అని బ్యాంకుకి చెప్పకూడదు. వెనకాల రాస్తే ఏమవుతుంది అంటే బ్యాంకుకి దాంతో పని లేదు, స్కాన్ అయి క్లియరింగ్‌కి పోతుంది, కౌంటర్లో కూర్చున్నాయన చూసేది సర్వీసు నంబరు కరెక్టుగా రాశామా లేదా అని మాత్రమే. కాబట్టి ఏం రాసినా చెక్కుతో పాటు ఇచ్చే లెటర్లో రాయాలి, ఆ లెటర్ తీసుకున్నట్టు స్టాంపు వేయించుకోవాలి. బాబాయ్ చెప్పిన దాంట్లో బంగారం లాంటి మాట ఇదే.

ఇక లెటర్లో ఏం రాయాలి అన్నది అసలు కథ. నేను రెండు రాత్రులు కూర్చుని చట్టం తెరిచి చదివా, లాయర్ని కాదు నేను, కానీ తెలుగులో చెప్పుకుంటే అంత కష్టమేం కాదు.

కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. అందులో సెక్షన్ 38 ఉంది, బాకీ ఉన్నవాడు డబ్బు ఇవ్వజూపితే అది షరతు లేకుండా ఉండాలి అంటుంది. అంటే "ఇది తీసుకుంటే మిగతాది మాఫీ చేసినట్టే" అని మెలిక పెట్టి ఇస్తే, అవతలివాళ్ళు వద్దని తిప్పి పంపొచ్చు, అప్పుడు మనం ఇవ్వజూపినట్టే లెక్కలోకి రాదు, గడువు దాటిన బాకీదారుగానే మిగులుతాం. బావ ఐడియాలో ప్రమాదం ఇదే, డబ్బు జేబులో ఉండి కూడా లైను పోతుంది. అదే చట్టంలో సెక్షన్ 59 మాత్రం మనకి పనికొచ్చేది: మనం ఒకే ఆఫీసుకి రెండు మూడు బాకీలు ఉంటే, ఈ డబ్బు ఫలానా బాకీకి అని చెప్పి ఇస్తే, వాళ్ళు ఆ డబ్బు తీసుకుంటే దానికే జమ వేయాలి. చెప్పకుండా ఇస్తే సెక్షన్ 60 కింద వాళ్ళకి నచ్చిన దానికి వేసుకుంటారు. అద్దె పంపేటప్పుడు "ఆగస్టు అద్దె" అని నోటు రాస్తాం చూడండి, అది ఉత్త అలవాటు కాదు, దానికి చట్టంలో విలువుంది. క్రెడిట్ కార్డులకి మాత్రం దీన్ని పట్టుకుని వెళ్ళకండి, మనం కట్టిన డబ్బు ముందు ఫీజులకా వడ్డీకా అసలుకా అన్న వరస కార్డు తీసుకున్న రోజే సంతకం పెట్టిన కాగితాల్లో ఉంటుంది.

ఇక కరెంటుకి ప్రత్యేకంగా ఉన్నది విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 56. ఇది చదివాక నేను కుర్చీలోంచి లేచా నిజంగా. బిల్లు కట్టకపోతే పూర్తిగా 15 రోజులు ముందు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి లైను కట్ చేయొచ్చు అని చెప్పి, కిందనే ఒక మినహాయింపు పెట్టారు. బిల్లు మీద వివాదం ఉంటే, వినియోగదారుడు నిరసన తెలుపుతూ రెండిట్లో ఏది తక్కువైతే అది డిపాజిట్ చేస్తే చాలు, వివాదం తేలేదాకా లైను కట్ చేయకూడదు. ఆ రెండూ ఏంటంటే, ఒకటి వాళ్ళు అడిగిన మొత్తం, రెండోది గడిచిన ఆరు నెలల్లో మనం కట్టిన సగటు బిల్లు. ఏది తక్కువైతే అది! అంటే పదకొండు వేల బిల్లుకి మేం పద్నాలుగొందల లోపు కడితే చాలు. అదీ మా సొంత షరతు కాదు, పార్లమెంటు మా చేతికిచ్చిన షరతు. బిల్లు మీద డిస్కనెక్షన్ తేదీ వేస్తారు గానీ ఈ ముక్క మాత్రం వేయరు.

తేడా ఇక్కడ గమనించండి. "మిగతాది మాఫీ చేయి" అనేది షరతు, దానికి అవతలివాళ్ళ ఒప్పుకోలు కావాలి. "నేను ఒప్పుకోకుండానే కడుతున్నా, హక్కు వదులుకోవట్లేదు" అనేది నిరసన, దానికి ఎవరి ఒప్పుకోలూ అక్కర్లేదు, వాళ్ళకి చేరితే చాలు. తర్వాత డబ్బు వెనక్కి అడిగేటప్పుడు ఇష్టపడి కట్టలేదు అనడానికి అదే సాక్ష్యం. పొరపాటున గానీ బలవంతం మీద గానీ కట్టిన డబ్బు తిరిగివ్వాలని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 72లో ఉండనే ఉంది.

లెటర్ రాశాం. ఆరు నెలల బిల్లులు వరసగా పెట్టి సగటు వేశాం, ఫోటో ప్రింటు తీయించాం, అందులో మూడు పాయింట్లు. ఒకటి, సెక్షన్ 56 కింద నిరసనతో సగటు మొత్తం డిపాజిట్ చేస్తున్నాం, వివాదం తేలేదాకా లైను కట్ చేయొద్దు. రెండు, ఈ డబ్బు ఈ నెల కరెంటు చార్జీలకి మాత్రమే జమ వేయండి. మూడోది బావ పట్టుబట్టి రాయించింది, ఈ చెక్కు మార్చుకుంటే ఈ నెల బిల్లు మొత్తం తీరిపోయినట్టు భావిస్తాం. పోనీలే ఉంటే ఉంటుంది అని నాన్న కూడా అన్నాడు.

ఈఆర్ఓ అంటే బిల్లుల లెక్కలు చూసే కరెంటు ఆఫీసు, అక్కడ కౌంటర్లో ఉన్నాయన చెక్కు చూసి కంప్యూటర్ చూసి మళ్ళీ చెక్కు చూసి "తక్కువ రాశారు" అన్నాడు. లెటర్ చూపిస్తే చదవలేదు, "సిస్టమ్ తీసుకోదు సార్, పార్ట్ పేమెంట్ అంటే లోపల ఏఏఓ మేడమ్ దగ్గర పర్మిషన్ తెచ్చుకోండి" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేం, ఆయన ముందున్న స్క్రీన్ మీద ఆ మొత్తం తప్ప ఇంకోటి లేదు, వెనకాల లైను పెరుగుతోంది, ఒకాయన అప్పటికే గొణుగుతున్నాడు.

ఏఏఓ అంటే అసిస్టెంట్ అకౌంట్స్ ఆఫీసరు, ఆ మేడమ్ మాత్రం లెటర్ మొత్తం చదివారు. పెన్ను పెట్టి లైను లైను చదివారు, మొదటి పాయింటు దగ్గర తలూపారు, రెండో దాని దగ్గర ఏమీ అనలేదు, మూడో దాని దగ్గర ఆగి నాన్న వంక చూసి "పెద్దాయనా, ఇది తీసేసి తీసుకురండి" అన్నారు. నాన్న ఎందుకమ్మా అన్నాడు. ఆవిడ చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది: "నేను దీన్ని తీసుకుని స్టాంపు వేసినా అది చెల్లదు, రూపాయి మాఫీ చేసే పవర్ నాకు లేదు. రేటు పెట్టేది మేం కాదు, కమిషన్. రీడింగు తప్పయితే ఆర్‌జే వేసి తీసేస్తాం, కరెక్టయితే మీరు కట్టాలి, మధ్యలో మీకూ నాకూ బేరం లేదు." ఆర్‌జే అంటే వాళ్ళ భాషలో బిల్లు సవరణ ఎంట్రీ. కోపంగా చెప్పలేదు, మంచిగానే చెప్పింది. ఆలోచిస్తే నిజమే, టారిఫ్ విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది, ఆఫీసులో కూర్చున్న మనిషి మన లెటర్ చూసి తగ్గించడానికి అది కూరగాయల బండి కాదు. బావకి ఫోన్ చేస్తే "వాళ్ళు భయపడ్డార్రా, అందుకే తీసేయమంటున్నారు" అన్నాడు. బావతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు, ఫోన్ పెట్టేశా.

మూడో పాయింటు లేకుండా పక్కనే ఉన్న జిరాక్స్ షాపులో మళ్ళీ టైప్ చేయించాం. మేడమ్ పార్ట్ పేమెంటుకి సంతకం పెట్టారు, కౌంటర్లో చెక్కు తీసుకున్నారు, రసీదు ఇచ్చారు. రసీదు మీద ఎక్కడా "నిరసనతో" అన్న మాట లేదు, మామూలు రసీదే, పాక్షిక చెల్లింపు అని ఉంది. అడిగితే అట్లాంటి ఆప్షన్ లేదన్నారు. అందుకే ఇన్‌వర్డ్ సెక్షన్‌కి వెళ్ళి లెటర్ ఇచ్చి, మన కాపీ మీద స్టాంపు, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకున్నాం, లెటర్లోనే చెక్కు నంబరు రాసి ఉంది కాబట్టి రెండూ కలిసిపోయాయి. ఇన్‌వర్డ్‌లో ఉన్న అబ్బాయి స్టాంపు వేసి నంబరు రాయకుండా ఇస్తుంటే నాన్న మళ్ళీ వెనక్కి ఇచ్చి రాయించాడు. ఎవరైనా ఇట్లా కట్టాల్సి వస్తే దయచేసి ఇది మర్చిపోవద్దు, నంబరు లేని స్టాంపుకి రేపు రిజిస్టర్లో ఆనవాలు దొరకదు.

తర్వాత సంగతి తొందరగానే చెప్తా ఎందుకంటే అందులో పెద్ద విశేషం లేదు, తిరగడం ఉంది. ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, ఆఫీసులో మీటర్ చేంజ్ స్లిప్ తీయించారు, దాని మీద లైన్‌మన్ చేత్తో రాసిన అంకె ఎనిమిదా తొమ్మిదా అన్నట్టుంది, పైన సున్నా మూసుకుంది, కింద సున్నా సగమే ఉంది, ఎంట్రీ చేసినవాళ్ళు తొమ్మిది అనుకున్నారు. నాన్న ఫోటో, అంతకుముందు నెలల వాడకం, కొత్త మీటరు మీద నెల మొత్తానికి వచ్చిన రీడింగు, మూడూ ఒకే మాట చెప్తున్నాయి. ఏఈ రాశారు, పై ఇంజనీరు ఏడీఈ దగ్గర కొన్నాళ్ళు ఆగింది, ఈఆర్ఓకి వచ్చింది, ఆర్‌జే పడింది, వెయ్యి యూనిట్లు పోయాయి, శ్లాబులు మళ్ళీ వేసి బిల్లు సరిచేశారు. మేం కట్టిన సగటుకీ అసలు బిల్లుకీ ఉన్న తేడా నలభై చిల్లర తర్వాతి నెల బిల్లులో కలిపారు. మధ్యలో లైను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఒకసారి లైన్‌మన్ బకాయిల లిస్టు పట్టుకుని వచ్చాడు, నాన్న స్టాంపు వేసిన కాపీ చూపించాడు, అతను దాని ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు. ఇక్కడ తేలకపోయి ఉంటే తర్వాత మెట్టు వినియోగదారుల ఫిర్యాదుల వేదిక, దాని పైన విద్యుత్ అంబుడ్స్‌మన్, రెండూ అదే చట్టం సెక్షన్ 42 కింద ఉన్నాయి, లాయర్ లేకుండా మనమే వెళ్ళొచ్చు. అనుమతి లేని వాడకం అని సెక్షన్ 126 కింద వేసిన బిల్లులకి దారి వేరు, అక్కడ అప్పీలు చేయాలంటే సగం కట్టాలి, ఇది వాటికి వర్తించదు.

పక్కింటి అంకుల్ ఇది విని తన పాత బకాయి నోటీసు పట్టుకొచ్చాడు, ఏళ్ళ కిందట కేటగిరీ తప్పు వేశామని ఇప్పుడు తేడా కట్టమన్నారు. 2020లో రహమతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఏంటంటే, పొరపాటున తక్కువ వేసిన బిల్లుకి అదనంగా డిమాండు పంపడాన్ని బకాయి వసూలుకి సెక్షన్ 56లో పెట్టిన రెండేళ్ళ గడువు ఆపదు, కానీ దాని కోసం లైను కట్ చేస్తామని బెదిరించడం కుదరదు. అంకుల్ సగమే విన్నాడు, "కట్టక్కర్లేదన్నమాట" అన్నాడు. కాదంకుల్ అన్నా.

ఇంకో సంగతి, బావ ఐడియా లోకంలో ఎక్కడా పనిచేయదా అని వెతికితే పనిచేసిన కేసు దొరికింది, కానీ తిరగబడి. భగవతి ప్రసాద్ పవన్ కుమార్ కేసు, సుప్రీంకోర్టు, 2006. అందులో షరతు పెట్టి చెక్కు పంపింది రైల్వే, నష్టపరిహారం అడిగిన వ్యాపారులకి. ఒప్పుకోకపోతే చెక్కు వెంటనే తిప్పి పంపండి, ఉంచుకున్నా మార్చుకున్నా మీ క్లెయిము పూర్తిగా తీరినట్టే అని లెటర్లో రాశారు. వాళ్ళు చెక్కులు మార్చుకుని తర్వాత నిరసన తెలిపారు. కోర్టు చెల్లదంది, నిరసన చెక్కు మార్చుకునే ముందు చేరాలి, మార్చుకున్నాక కాదు అంది. కాబట్టి ఇన్సూరెన్సు వాళ్ళో, బిల్డరో, ఇంకెవరో "ఫుల్ అండ్ ఫైనల్" అని రాసి తక్కువ డబ్బు పంపితే, ఖాతాలో వేసుకునే ముందే ఆలోచించండి. మనం పెడితే అతుక్కోని షరతు వాళ్ళు పెడితే అతుక్కుందేంటి అని నాకు మొదట ఒళ్ళు మండింది, తర్వాత అర్థమైంది, అక్కడ చెక్కు అందుకున్నది లెటర్ చదివి ఒప్పుకునే అధికారం ఉన్న మనిషి, ఇక్కడ మన డబ్బు అందుకుంటున్నది అధికారం లేని కౌంటరు, కళ్ళు లేని యాప్.

బావ ఊరుకోలేదు లెండి. ఇప్పుడు వాళ్ళ అపార్ట్‌మెంట్లో లిఫ్టు రిపేరుకని మెయింటెనెన్స్ మీద అదనంగా వేసిన రెండు వేలు ఇవ్వనని, మామూలు మెయింటెనెన్స్ మాత్రం పంపి "లిఫ్టు చార్జీ మినహా, ఈ నెల మెయింటెనెన్స్‌కి మాత్రమే" అని యూపీఐ నోట్‌లో రాశాడు, స్క్రీన్‌షాట్ అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఈసారి రాసింది సెక్షన్ 59 లెక్కలోకి వచ్చే మాటే, నేనే చెప్పి రాయించా. ట్రెజరర్ గారు డబ్బు తీసుకున్నారు, రసీదు ఇంకా ఇవ్వలేదు, గ్రూపులో దండం ఎమోజీ ఒకటి పెట్టారు. నేలంతస్తులో ఉండేవాళ్ళందరూ బావ వెనకే ఉన్నారట.